రెండు సీసాలు, ఒకే మందు: పద్నాలుగు నెలల బాబు రొంప కేసు

ఈ కేసు రాస్తానని బాబు తల్లిని అడిగాను, సరేనంది. ఊరు, వీధి, వాళ్ల పని, ఇంట్లో ఎంతమంది ఉంటారు లాంటి వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. మందుల కంపెనీ పేర్లు కూడా రాయడం లేదు. సీసాలో ఏముందో, ఎంతుందో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ కేసులో అసలు సంగతి అదే.

నేపథ్యం

గజపతి జిల్లాలో పర్లాకిమిడి చుట్టుపక్కల చిన్న క్లినిక్ నాది. ఒక గది, రెండు మంచాలు, ఒక నర్సు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. కాగితం మీద రెండు రాష్ట్రాలే కానీ పెళ్లి సంబంధాలు, సంతలు, పురుళ్లు అటూ ఇటూ కలిసే నడుస్తాయి. ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. ఈ బాబు తల్లిది అవతలి ఒడ్డు, తెలుగు మీడియంలో పదో తరగతి చదివింది. తండ్రి చదివింది ఒడియా బడిలో. నానమ్మకు చదువు రాదు. మందు సీసా మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ముగ్గురిలో ఎవరికీ అవి అందవు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది.

బాబుకు పద్నాలుగు నెలలు, బరువు తొమ్మిది కిలోలు. టీకాలన్నీ వేయించారు, తల్లిపాలు ఇంకా తాగుతున్నాడు. అక్క అంగన్‌వాడీకి వెళ్తుంది. అంతకుముందు పెద్ద జబ్బులేమీ లేవు. సంక్రాంతికి తల్లి పిల్లలను తీసుకుని కన్నవారింటికి వెళ్లింది. అక్కడ మేనమామ పిల్లలు ముగ్గురికీ రొంప. కనుమ నాడు వీడికీ ముక్కు కారడం మొదలైంది. ఈ కేసులో రోజుల లెక్క ముఖ్యం కాబట్టి కనుమను ఒకటో రోజుగా పెట్టుకుని రాస్తున్నాను.

మూడో రోజు: నా నాలుగు నిమిషాలు

పండుగ తర్వాత వారం క్లినిక్ నిండిపోతుంది. భోగి మంటల పొగ, తెల్లవారుజామున మంచు, ఒకే గదిలో పదిమంది చుట్టాలు, అందరి చేతుల్లో మారే పిల్లలు. ఆ రోజు బాబును నాలుగు నిమిషాలు చూశానేమో. జ్వరం 100.4. ఊపిరి నిమిషానికి 36. డొక్కలు ఎగరేయడం లేదు. పాలు తాగుతున్నాడు, నన్ను చూసి ఏడుస్తున్నాడు, కన్నీళ్లు కారుతున్నాయి. చెవులు, గొంతు చూశాను. మామూలు రొంప.

వాళ్లమ్మతో అన్నాను: "ఇది వైరస్ వల్ల వచ్చే రొంప అమ్మా. మందు అక్కర్లేదు, దానంతట అదే తగ్గుతుంది. జ్వరం ఉంటే పారాసెటమాల్ పోయండి." చీటీలో పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లు అని రాశాను. నా మనసులో ఉన్నది 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్. కిలోకు 15 మి.గ్రా. చొప్పున తొమ్మిది కిలోల బిడ్డకు ఒక మోతాదు 135 దాటకూడదు కాబట్టి 120 సరిపోతుంది. చీటీ మీద ఆ 120 అంకె రాయలేదు. "ఇంట్లో ఇప్పటికే ఏమైనా పోస్తున్నారా?" అని అడగనూ లేదు.

వైద్యం పరంగా ఆ రోజు నేను చెప్పింది తప్పు కాదు. జలుబు తెచ్చే వైరస్‌లు రెండువందలకు పైనే ఉన్నాయి, ఒక్క రైనోవైరస్‌లోనే 160కి పైగా రకాలు. వాటిని చంపే మందు మన దగ్గర లేదు. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ దగ్గర ఒక్క జలుబు కోసమే 1946 నుంచి 1989 దాకా పరిశోధన కేంద్రం నడిపారు. జలుబు ఎలా వస్తుందో, ఎలా అంటుకుంటుందో చాలా తెలిసింది కానీ నయం చేసే మందు దొరకలేదు. ఇవన్నీ తెలిసిన మాటలే. ఆ నాలుగు నిమిషాల్లో తల్లి చెవికి చేరింది మాత్రం "ఈ డాక్టరమ్మ మందు రాయలేదు" అన్నది ఒక్కటే.

ఏడో రోజు: మళ్లీ తెచ్చారు

పొద్దున ఎనిమిదిన్నరకు తండ్రి భుజాన వేసుకుని తెచ్చాడు. వెనకే తల్లి, పక్కన నానమ్మ. "గుంటడికి రొంప తగ్గిపోనాదమ్మా, ముక్కు కారడం ఆగిపోనాది. ఉత్తినే పడుకుండిపోతన్నాడు. రేతిరి నుంచి పాలు ముట్టట్లేదు" అంది.

రొంప తగ్గిన పిల్లవాడు ఆడాలి. వీడు లేవడం లేదు. అరికాలు గిల్లితే ఏడ్చి, నాలుగు సెకన్లలో మళ్లీ కళ్లు మూస్తున్నాడు. రొంపతో వచ్చిన ఏ బిడ్డలోనైనా నాలుగు సంగతులు కనబడితే క్లినిక్‌లో కూర్చోబెట్టకూడదు: తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, మగత. వీడిలో రెండు ఉన్నాయి. అందుకే ఏమీ తేలకముందే నర్సుతో అంబులెన్సుకు ఫోన్ చేయించాను. కారణం వెతకడం ఆ తర్వాత, వాహనం వచ్చేలోపు.

ముందు ప్రాణం తీసేవి చూసుకున్నాను. గ్లూకోజ్ 78, అది కాదు. ఆక్సిజన్ 97. ఊపిరి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాను, 38. ఏడాది దాటిన బిడ్డకు 40, ఆపైన ఉంటే న్యుమోనియా అనుమానించాలి. దగ్గరగా ఉంది కానీ దాటలేదు, ఛాతీలో శబ్దాలు లేవు. మెడ బిగుసుకోలేదు, మాడు పొంగలేదు. జ్వరం 99. మెదడువాపు అనుకోవడానికి ఈ గుర్తులు సరిపోవు. కానీ పసిపిల్లల్లో గుర్తులు లేనంత మాత్రాన ఆ జబ్బు లేదని చెప్పలేం. కాబట్టి ఆ అనుమానాన్ని చివరిదాకా వదల్లేదు.

అప్పుడు నోరు తెరిచాను. నాలుక ఎండిపోయి, చెంచా పెడితే అంటుకుంటోంది. రొంప పట్టిన బిడ్డ నోరు చొంగతో తడిగా ఉండాలి. ముక్కులో పెచ్చులు కట్టి రాయిలా ఉంది. కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి, టార్చి వేస్తే నెమ్మదిగా ముడుచుకుంటున్నాయి. గుండె నిమిషానికి 160, ఆ 99 జ్వరానికి ఎక్కువే. చర్మం పొడిగా, వెచ్చగా ఉంది. రాత్రి నుంచి ఒంటికి పోయలేదని తల్లి చెప్పింది. ఒళ్లంతా తడి ఆరిపోయిన బిడ్డ. ఇది రొంప చేసే పని కాదు. రొంపను ఆరబెట్టే మందు చేసే పని.

తండ్రిని ఇంటికి పంపాను. "ఇంట్లో బాబుకు పోసేవి, రాసేవి, వాడి ఆపేసినవి, అన్నీ సంచిలో వేసి తెచ్చేయ్ బాబూ. ఏదీ వదలకు" అన్నాను. బైకు మీద ఇరవై నిమిషాల్లో వచ్చాడు. పాలిథిన్ సంచిలోంచి తీసి టేబుల్ మీద ఒక్కొక్కటే పెట్టాను.

మొదటి సీసా కన్నవారింటి దగ్గర కొన్నది, రెండో రోజు నుంచి పోస్తున్నారు. 5 మి.లీ.లో రొంపను ఆరబెట్టి మగత తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా., ముక్కుదిబ్బడకని కలిపే ఫినైల్‌ఎఫ్రిన్ 5, దగ్గు ఆపడానికి వేసే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ 10. రోజుకు మూడుసార్లు. నేను మూడో రోజు చూసేసరికే ఇది నడుస్తోంది.

రెండో సీసా ఇవతల, ఇంటి దగ్గర కొట్లో. నేను మందు రాయలేదని నాలుగో రోజు నానమ్మ వెళ్లి అడిగి తెచ్చింది. 5 మి.లీ.లో క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా., ఫినైల్‌ఎఫ్రిన్ 5, పారాసెటమాల్ 125. ఇదీ మూడుసార్లు. రంగు వేరు, పేరు వేరు, రుచి వేరు. ఒకటి దగ్గుకు, ఒకటి రొంపకు అనుకున్నారు.

మూడోది నా చీటీ మీద కొన్న పారాసెటమాల్. తీసి చూస్తే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నది. రోజుకు రెండుసార్లు 5 మి.లీ.

నాలుగోది సగం అయిపోయిన యాంటీబయాటిక్ పొడి సిరప్, అక్కకు ఎప్పుడో రాసింది. చీమిడి పచ్చబడిందని రెండుసార్లు పోసి మానేశారు.

కాగితం మీద లెక్క కట్టాను. క్లోర్‌ఫెనిరమిన్ రోజుకు 12 మి.గ్రా. పెద్దవాళ్లు రొంపకు వేసుకునే మాత్ర 4 మి.గ్రా. ఉంటుంది. అంటే తొమ్మిది కిలోల బిడ్డ రోజూ మూడు పెద్దవాళ్ల మాత్రలు మింగినట్టు. దాని మీద డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మత్తు. పారాసెటమాల్ రెండో సీసాలోంచి 375, మూడో సీసాలోంచి 500, మొత్తం 875. కిలోకు 97 మి.గ్రా. నేను రాసేటప్పుడు పెట్టుకునే హద్దు రోజుకు కిలోకు 60. ఇది మూడు రోజులుగా నడుస్తోంది.

మగతకు కారణం చాలావరకు తేలింది. అయినా అంబులెన్సును వెనక్కి పంపలేదు. "మందు మత్తే, దిగిపోతుంది" అని మంచం మీద పడుకోబెట్టి ఉండొచ్చు. కానీ ఒక కారణం దొరికినంత మాత్రాన రెండోది లేదని కాదు. పైగా కాలేయం పరీక్ష నా దగ్గర లేదు. బాబును ఆసుపత్రికి పంపాను, సంచి కూడా వాళ్లతోనే పంపాను. నా లెక్క కాగితం పిన్ను చేసి ఇచ్చాను. అక్కడ సెలైన్ పెట్టి, రక్త పరీక్షలు చేసి, ఒక రాత్రంతా కనిపెట్టి చూశారు. కాలేయం పరీక్షలు మామూలుగా వచ్చాయి. ఆ సాయంత్రం ఏడు గంటలకు బాబు లేచి పాలు తాగాడని తండ్రి ఫోన్ చేశాడు. ఫోన్‌లో వెనక వాడి ఏడుపు వినబడింది. అప్పుడు గానీ నాకు టెన్షన్ తగ్గలేదు.

ఈ మందుల గురించి

ముక్కు కారడం ఆగింది కాబట్టి మందు పనిచేస్తోందని ఇంట్లో అనుకున్నారు. వాళ్లు అలా అనుకోవడంలో తప్పులేదు, కళ్లకు కనబడింది అదే. క్లోర్‌ఫెనిరమిన్ ముక్కులో, నోట్లో, కంట్లో తడిని ఆపేస్తుంది. వైరస్‌ను ఏమీ చేయదు. ఆ తడే వైరస్‌ను, చచ్చిన కణాలను బయటికి తోసే నీరు. అది ఆగితే చీమిడి చిక్కబడి గట్టిపడుతుంది, బిడ్డ ముక్కుతో గాలి పీల్చుకోలేక పాలు వదిలేస్తాడు. ఫినైల్‌ఎఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే ముక్కుదిబ్బడకు పనిచేయదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం 2023 సెప్టెంబరులో తేల్చింది. మన దేశంలో కూడా క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. కలుషితమైన దగ్గు సిరప్ తాగి మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు అని చెప్పింది. ఐదేళ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా సిఫారసు చేయరు.

నా టేబుల్ మీద ఉన్న సీసా మీద కూడా ఆ హెచ్చరిక ఉంది. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చీమంత అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. తెలుగు చదివే తల్లికి, ఒడియా చదివే తండ్రికి ఆ చీమలు ఏం చెప్పగలవు? నాకు ఇప్పటికీ ఇది కోపం తెప్పిస్తుంది.

పచ్చ చీమిడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే యాంటీబయాటిక్ తీయించింది ఆ రంగే. వైరస్‌తో పోరాడటానికి వచ్చిన తెల్లకణాల్లో పచ్చరంగు ఎంజైమ్ ఒకటి ఉంటుంది. మూడో రోజు, నాలుగో రోజు అవి పోగుపడితే చీమిడి పసుపు, ఆకుపచ్చ అవుతుంది. బ్యాక్టీరియా ఉందనడానికి ఆ రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం, తగ్గి మళ్లీ జ్వరం తిరగబెట్టడం, చెవి పట్టుకుని ఏడవడం, ఇవైతే మళ్లీ చూడాలి.

పన్నెండో రోజు: నా రెండో తప్పు

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు సీసాలన్నీ ఆపేయమని చెప్పారు, నేనూ చెప్పాను. పన్నెండో రోజు చూపించడానికి తెచ్చారు. బాబు హుషారుగా ఉన్నాడు, నా స్టెతస్కోపు లాగుతున్నాడు. ముక్కు మళ్లీ కారుతోంది, రాత్రుళ్లు దగ్గు. ఎత్తుకోగానే చొక్కా నుంచి గుప్పున కర్పూరం వాసన వచ్చింది.

కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి, వీపుకు రోజూ రాస్తున్నారు. ముక్కులో రెండు చుక్కలు నూనె కూడా వేస్తున్నారు. ఇవి మన ఇళ్లల్లో తరతరాలుగా ఉన్నవే, నా చిన్నప్పుడు నాకూ రాశారు. కానీ కర్పూరం రెండేళ్ల లోపు పిల్లలకు మంచిది కాదు. చర్మం గుండా, ముక్కు గుండా లోపలికి పోతుంది, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. ముక్కులో వేసిన నూనె దగ్గు రానివ్వకుండా మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అక్కడ చేరిన నూనెను ఏ యాంటీబయాటిక్ కరిగించలేదు. ఇదంతా చెప్తూ పోతుంటే నానమ్మ ఆపింది.

"మందొద్దంతావు, నూనొద్దంతావు. రేతిరంతా గుంటడు దగ్గుతా ఉంతే సూస్తా కూకోమంతావేటమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే నేను వాళ్లను చూస్తూ కూర్చోమన్నాను. మూడో రోజు చేసిందీ అదే, పన్నెండో రోజు చేయబోతున్నదీ అదే. రొంపకు మందు లేదన్నది నాకు తెలిసిన విషయం. దగ్గే బిడ్డను ఒడిలో పెట్టుకుని రాత్రి రెండు గంటలకు మేలుకున్న మనిషికి ఆ విషయం పనికిరాదు. ఆ చేతులకు ఏదో ఒక పని కావాలి. నేను ఇవ్వకపోతే కొట్టువాడు ఇస్తాడు, అదీ లేకపోతే కర్పూరం సీసా ఎలాగూ ఉంది.

ఆ రోజు బయట ఇంకా పదిహేనుమంది ఉన్నారు. నర్సుతో కాసేపు ఆగమని చెప్పించి, నానమ్మను కుర్చీ దగ్గరికి లాక్కోమన్నాను.

పనిచేసింది

ముందుగా తేలిక పని. మందుల షాపులో దొరికే సెలైన్ ముక్కు చుక్కలు. పాలిచ్చే ముందు, పడుకోబెట్టే ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, నిమిషం ఆగి, మెత్తటి గుడ్డతో తుడవాలి. నానమ్మ చేతే వేయించాను. రెండో ముక్కుకు వచ్చేసరికి బాబు తుమ్మాడు, గట్టి పెచ్చు ఒకటి బయటికి వచ్చింది. ఆమె ముఖం చూశాను. నూనె చుక్కల స్థానంలో ఇది నిలుస్తుందని అప్పుడే తెలిసింది.

పడుకునే ముందు అర చెంచా తేనె. ఏడాది దాటిన బిడ్డకు రాత్రి దగ్గుకు తేనె కొంత ఉపశమనం ఇస్తుంది. ఏడాది లోపు బిడ్డకు మాత్రం చుక్క కూడా నాకించకూడదు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఈ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను, ఎందుకంటే అదే ఇంట్లో మరో కోడలికి మూడు నెలల పాప ఉంది.

ఆవిరి వద్దన్నాను. మరిగే గిన్నె దగ్గర పసిపిల్లలు కాలిపోయిన కేసులు చూశాను, దానివల్ల వచ్చే మేలు అంతంత మాత్రమే. మంచుకు మంకీ క్యాప్ పెడతామంటే సరేనన్నాను. దానివల్ల రొంప ఆగదు, నష్టమూ లేదు. ప్రతిదానికీ వాదిస్తే అసలు వినాల్సిన మాట వినరు.

చుట్ట సంగతి అడగడం కష్టమైంది. ఈ వైపు పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. నానమ్మ పక్కలో బాబు పడుకుంటాడు. పొగ వాసన ఆమె చీరలోనే ఉంది. "నీ పొగ వల్లే" అంటే ఇక ఆమె మళ్లీ రాదు. "మామ్మా, వీడి గొంతు లోపల పుండులా ఉంది. పొగ తగిలితే అది మానదు. దగ్గు పూర్తిగా పోయేదాకా చుట్ట పెరట్లోనే, చీర మార్చుకుని ఎత్తుకోండి" అన్నాను. ఏమీ అనలేదు. తల మాత్రం ఊపింది.

తర్వాత క్యాలెండరు. వాళ్లింట్లో గోడకు తిథులు, వర్జ్యాలు ఉన్న తెలుగు క్యాలెండరు ఉందని తెలిసి, ఫోన్‌లో ఫొటో తెప్పించి దాని మీదే చూపించాను. కనుమ నాడు ఒక గీత. పిల్లల రొంప పూర్తిగా పోవడానికి రెండు వారాలు పట్టొచ్చు. దగ్గు ఇంకా ఆలస్యం, వందలో తొంభై మంది పిల్లలకు 25 రోజుల లోపు పోతుంది. కాబట్టి 25వ రోజు దగ్గర రెండో గీత. మధ్యలో రోజూ పొద్దున ఒక గుర్తు పెట్టాలి: రాత్రి దగ్గు ఎక్కువైతే పెద్ద గీత, తక్కువైతే చిన్న గీత. "తగ్గుతుంది" అని నేను పదిసార్లు చెప్పిన దానికంటే, ఆ రెండో గీత వాళ్లకు ధైర్యం ఇచ్చిందని తల్లి తర్వాత చెప్పింది. ఎప్పటిదాకా ఆగాలో తెలియనప్పుడే మనిషి మందుల కొట్టుకు పరిగెడతాడు.

అన్నిటికంటే విలువైనది ఊపిరి లెక్క. బాబు నిద్రపోతున్నప్పుడు బనీను పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో ఒక నిమిషం లెక్కపెట్టాలి. నలభై తాకితే ఆగకుండా రావాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు వదిలేసినా లెక్కే అక్కర్లేదు, వెంటనే రావాలి. తల్లికి లెక్క వస్తుంది కానీ ఫోన్‌లో సెకన్లు, పొట్ట, అంకె మూడూ ఒకేసారి చూడలేక రెండుసార్లు తప్పింది. అప్పుడు నానమ్మే అంది, "నలపై పిక్కలు లెక్కెట్టి ఇవ్వే నాకు." చింతపిక్కలు. కోడలు ఫోన్ చూస్తుంది. పొట్ట లేచినప్పుడల్లా అత్త ఒక పిక్కను ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వేస్తుంది. నిమిషం అయ్యేలోపు పిక్కలు అయిపోతే బయల్దేరాలి. క్లినిక్‌లో పిక్కలు లేవు, శనగలతో చేయించాను. ఆరు శనగలు మిగిలాయి. నేను విడిగా లెక్కపెట్టుకున్నది కూడా 34. చదువురాని ఆరోగ్య కార్యకర్తల కోసం కొన్ని దేశాల్లో ఇలాగే పూసల దండలు వాడతారు. ఆమెకు ఆ సంగతి తెలియదు, తనే కనిపెట్టింది.

తర్వాత

పదిహేనో రోజు, పద్దెనిమిదో రోజు నేనే ఫోన్ చేశాను. పద్దెనిమిదో రోజుకు గీతలు చిన్నవయ్యాయి. ఇరవై ఒకటో రోజు గీత లేదు. ఒక్క సీసా కూడా కొనలేదు.

నేను మార్చుకున్నవి

మూడో రోజునే "ఇంట్లో ఏం పోస్తున్నారు?" అని అడిగి ఉంటే ఈ కేసే ఉండేది కాదు. ఇప్పుడు రొంపతో వచ్చిన ప్రతి బిడ్డకూ మొదటి ప్రశ్న అదే. ముందు జ్వరం చూడను, ముందు సంచి చూస్తాను. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే చాలామంది లేదంటారు, సిరప్‌ను వాళ్లు మందుల్లో లెక్కేయరు. "సీసా మందు, చుక్కలు, నూనె, కషాయం" అని ఒక్కొక్కటే పేరు పెట్టి అడగాలి. అవతలి ఒడ్డున కొన్నవి, కన్నవారింట్లో మొదలుపెట్టినవి విడిగా అడగాలి.

పారాసెటమాల్ రాస్తే మి.లీ. పక్కన మి.గ్రా. రాస్తున్నాను, 120 అంటే 120, చుట్టూ గుండ్రం గీసి మరీ. షాపులో వేరే బలం ఇస్తే సీసా తెచ్చి చూపించాకే పోయమంటున్నాను. చుట్టుపక్కల నాలుగు షాపులకు వెళ్లి మాట్లాడాను. ఇద్దరు శ్రద్ధగా విన్నారు. ఒకాయన, "మేం ఇవ్వకపోతే ఇంకో కొట్టుకెళ్తారమ్మా" అన్నాడు. ఆ మాట తోసేయలేం, అందుకే కొట్టువైపు ఎంత పని ఉందో తల్లుల వైపూ అంతే ఉంది.

ఇంకొకటి, "మందు అక్కర్లేదు" అన్న మాటతో ఎవర్నీ ఇంటికి పంపడం లేదు. చుక్కలు, గీతలు, పిక్కలు, ఏదో ఒక పని చేతిలో పెట్టి పంపుతున్నాను. రోజుకు ముప్ఫైమందికి ఇంతసేపు కుదరదు. అందుకే ఊపిరి లెక్క నేర్పే పని నర్సుకు అప్పగించాను. ఆమె నాకంటే ఓపికగా చెబుతుంది. క్లినిక్‌లో ఇప్పుడు డబ్బా నిండా చింతపిక్కలు ఉన్నాయి.

మళ్లీ రొంప

పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది రొంపలు వస్తాయి, అక్క అంగన్‌వాడీ నుంచి ఒక్కోటి తెస్తుంటుంది. ఫిబ్రవరి చివర్లో బాబుకు మళ్లీ ముక్కు కారడం మొదలైంది. పాతదే తిరగబెట్టిందేమోనని తల్లి భయపడితే, నానమ్మే క్యాలెండరు చూపించి మధ్యలో ఖాళీ గళ్లు లెక్కపెట్టిందట. ఇది కొత్త రొంప అని తేల్చుకుని మొదటి రోజు గీత గీశారు.

మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చారు. తల్లి బాబును ఎత్తుకుంది, నానమ్మ కొంగులో పిక్కల మూట. "పిక్కలు సాల్లేదమ్మా, రెండుసార్లు ఏసినాను" అంది. నేను లెక్కపెడితే 46. డొక్కలు కొద్దిగా ఎగరేస్తున్నాడు, వీపు మీద స్టెతస్కోపు పెడితే పిల్లికూతలు. ఆక్సిజన్ 96, పాలు తాగుతున్నాడు, మెలకువగా ఉన్నాడు. రొంప కింది ఊపిరి గొట్టాల్లోకి దిగినప్పుడు ఇలా అవుతుంది. ఇలాంటప్పుడు వెంటనే యాంటీబయాటిక్ రాయకుండా, ముందు గొట్టాలు వదులు చేసే మందు ఇచ్చి చూడాలి. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టానికి మాస్క్ పెట్టి సాల్బుటమాల్ ఇచ్చాను. ఇరవై నిమిషాలకు మళ్లీ, ఇంకో ఇరవై నిమిషాలకు మళ్లీ. మూడోసారి అయ్యాక డొక్కలు ఆగాయి, కూతలు బాగా తగ్గాయి. అరగంట తర్వాత నిద్రపోయాడు. నేను లెక్కపెడితే 35.

ఇన్‌హేలర్ ఎలా పట్టాలో చూపించి, పొద్దున్నే మళ్లీ తెమ్మని చెప్పి, ఇక వెళ్లొచ్చన్నాను. నానమ్మ లేవలేదు. మూట విప్పి, పిక్కలు నా టేబుల్ మీద పోసి, కోడలితో "ఫోను తియ్యి" అంది. బనీను పైకెత్తింది. నిమిషం అయ్యేసరికి ఐదు పిక్కలు మిగిలాయి. వాటిని ఇంకోసారి వేలితో లెక్కపెట్టుకుని, అన్నీ మూటలో కట్టుకుని, అప్పుడు లేచింది.